కిందపక్క మనిషి

మెట్ల మీద బీరువా ఎక్కించేటప్పుడు పైపక్క పట్టుకున్నవాడు దారి చూస్తాడు, కిందపక్క పట్టుకున్నవాడు బరువు చూస్తాడు. సామాన్లు మోసే పనిలో ఉన్నవాళ్ళెవరిని అడిగినా ఈ ముక్క చెబుతారు. మెట్లు వాలుగా ఉంటాయి కాబట్టి బరువంతా జారి కిందివాడి ఛాతీ మీదికే వస్తుంది. అందుకే కిందపక్క అందరికీ ఇవ్వరు. ఇచ్చినవాడికి ఒక మర్యాద, ఆ మర్యాదకు తోకలాగా ఒక కట్టుబాటు. "దించండి" అనే మాట కిందివాడి నోట రాకూడదు. పైవాడికి చెయ్యి జారితే అనొచ్చు, పక్కవాడికి ఊపిరాడకపోతే అనొచ్చు. కిందివాడు మాత్రం కళ్ళు తేలేసినా సరే, పళ్ళు బిగబట్టి మొయ్యాల్సిందే. ఈ రూలు ఎవరు పెట్టారో తెలియదు గానీ, పెట్టినవాడు జన్మలో కిందపక్క పట్టుకుని ఉండడు.

ఇరుసు పాతికేళ్ళుగా కిందపక్క మనిషి. బండి బరువంతా ఇరుసు మీదే కదా అని వ్యాన్ల షెడ్డులో వాళ్ళు పెట్టిన పేరు అది. అసలు పేరు చెప్పాలంటే భార్య కూడా ఒక్క క్షణం ఆగి ఆలోచించుకోవాలి. ఇనప బీరువాలు, రాతిపలక బల్లలు, ఒకసారి నాలుగో అంతస్తుకు ఒక పియానో. దేనికీ అతని నోట "దించండి" రాలేదు. ఆ సంగతి అతను ఎవరికీ చెప్పుకునేవాడు కాదు. చెప్పాల్సిన అవసరం లేకుండా షెడ్డంతా చెప్పుకునేది. వ్యాన్ల ఓనరు స్వయానా అతని భార్యకు అన్న, ఇతనికి బావ. కొత్త గిరాకీ వస్తే ఆ బావ మొదట చెప్పే మాట, "మా ఇరుసున్నాడండీ, మీరు నిశ్చింతగా పడుకోండి" అని.

నలభై ఆరు దాటాక ఏదో మొదలైంది. రాత్రంతా పడుకుని లేచినా, రాత్రంతా ఎవరో తనని మోయించి పంపినట్టుండేది. చొక్కా చేతులు వదులయ్యాయి, అదే చొక్కా పొట్ట దగ్గర బిగుసుకుంది. గడ్డం పెరగడం తగ్గి, గీసుకోవడం మర్చిపోయినా ఎవరూ కనిపెట్టని స్థితికి వచ్చాడు. ఒక రోజు వాషింగ్ మెషీను మోస్తూ ఉంటే ఏడుపొచ్చింది. బరువుకు కాదు. ఊరికే వచ్చింది. చెమట తుడుచుకున్నట్టు భుజానికి మొహం రాసుకుని మెట్లెక్కాడు. ఇక ఇంట్లో, భార్య పక్కన పడుకుంటే రెండు మూటలు పక్కపక్కన పెట్టినట్టుండేది. మునుపు అలా ఉండేవాడు కాదు. ఆ సంగతి అతనికి తెలుసు, ఆమెకూ తెలుసు, ఇద్దరూ ఒకరికి తెలియదని ఒకరు అనుకునేవాళ్ళు.

మందుల షాపులో ఒకసారి నసిగాడు. కౌంటరు వెనకున్న కుర్రాయన నలుగురు గిరాకీల ముందు గొంతు పెంచి, "వయసు బాబాయ్, వయసు! వయసుకి మందేంటి?" అని నవ్వాడు. ఆ నలుగురూ నవ్వారు. ఇరుసు కూడా నవ్వి, దగ్గు బిళ్ళలు కొనుక్కుని వచ్చేశాడు. ఇంటికొచ్చి ఆ బిళ్ళలన్నీ కోపంతో నమిలేశాడు.

తర్వాత ఫ్రిజ్ సంగతి జరిగింది. మూడో అంతస్తు మలుపు. పైపక్క పొడుగోడు, పక్కన టానిక్కు, కిందపక్క ఇరుసు. ఆ పేర్లూ షెడ్డు పెట్టినవే. ఉన్నట్టుండి చేతుల్లో సత్తువ తీసేసినట్టు పోయింది. మోకాళ్ళు వంగాయి. ఫ్రిజ్ వచ్చి ఛాతీకి ఆనింది, వీపు గోడకు ఆనింది, రెంటి మధ్యా మనిషి ఇరుక్కున్నాడు. అప్పుడు కూడా "దించండి" అనలేదు. వాళ్ళిద్దరే గాభరాగా దించి, "ఏమైందన్నా? ఏమైంది?" అని మీద పడ్డారు.

ఇరుసు ఒక్క క్షణం ఆలోచించాడు. ఆ ఒక్క క్షణంలోనే ఏడాది పాటు మోయాల్సిన బరువు నెత్తికెత్తుకున్నాడు.

"నడుము" అన్నాడు.

ఈ పనిలో నడుము నొప్పంటే రోగం కాదు, పతకం. షెడ్డులో ప్రతివాడికీ ఒక బెల్టు, ఒక గొట్టం పూతమందు, ఒక కథ ఉంటాయి. ఏ బీరువా ఎత్తితే పట్టేసిందో, ఎన్నాళ్ళు బోర్లా పడుకున్నాడో గొప్పగా చెప్పుకుంటారు. మిగతా రోగాల సంగతి వేరు. టానిక్కు అనేవాణ్ణే తీసుకోండి. ఏనాడో వ్యాన్లో అతని సంచిలోంచి "మగసిరి టానిక్" అని రాసి ఉన్న సీసా ఒకటి దొర్లి బయటపడింది. అంతే. సీసా ఆ రోజే చెత్తబుట్టలోకి పోయింది, పేరు మాత్రం పోలేదు. వాళ్ళ అత్తగారు ఫోన్ చేసినా "టానిక్కూ, మీ అత్త" అని అరుస్తారు. ఇరుసు కూడా ఆ పేరుతోనే పిలిచేవాడు. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఇరుసు అబద్ధం అతకడమేమిటి, వెల్డింగు పెట్టినట్టు కూర్చుంది.

"నడుమా! ఇన్నాళ్ళకి నువ్వూ మా జట్టులోకొచ్చావన్నమాట" అని బావ భుజం తట్టి తన సొంత బెల్టు ఇచ్చాడు. ఇంట్లో భార్య గొట్టం మందు తెచ్చింది. ఆమె లాండ్రీలో ఇస్త్రీ పని చేస్తుంది. పొద్దంతా నిలబడి దుప్పట్లు రుద్ది వచ్చి, సాయంత్రం భర్తను బోర్లా పడుకోబెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని, రెండు అరచేతులతో వీపు తోమేది. ఏ రోగమూ లేని వీపు ఆ మందుకు భగభగమండేది. "ఇక్కడేనా? ఇంకా కిందికా?" అని ఆమె అడుగుతుంటే, "ఆ, అక్కడే" అని దిండులో మొహం పెట్టుకుని మూలిగేవాడు. తోమడం అయ్యాక ఆమె తన నడుము మీద చెయ్యి పెట్టుకుని మెల్లగా లేచేది. దిండులో మొహం పెట్టినవాడికి అది కనపడేది కాదు.

భార్య పోరు పడలేక ఆస్పత్రికి వెళ్ళాడు, ఎముకల డాక్టరు దగ్గరికి. ఆ పెద్దాయన ఇతన్ని వంచి, తిప్పి, కాలెత్తించి, ఎక్స్‌రే ఫిల్ము తీయించి, ఆ ఫిల్మును దీపం ముందు పెట్టి చాలాసేపు చూశాడు.

"ఈ నడుము నాకిచ్చేసి నాది తీసుకుంటావా?" అన్నాడు చివరికి. "ఇందులో ఏ లోపమూ లేదు. ఇప్పుడు చెప్పు, అసలేమిటి?"

ఇరుసు తలుపు వైపు చూశాడు. తలుపు వేసే ఉంది. అయినా గొంతు తగ్గించి రెండు ముక్కలు చెప్పాడు. నీరసం సంగతి, చేతుల సంగతి. మూడో సంగతి సగంలో ఆపేశాడు. డాక్టరు మిగతా సగం అడగలేదు. "ఎదురు గది" అని చీటీ రాసిచ్చాడు.

ఎదురు గది తలుపు మీద "హార్మోన్లు, గ్రంథులు" అని బోర్డు ఉంది. దాని ముందు బెంచీ మీద కూర్చున్న మగవాళ్ళంతా తేలు కుట్టిన దొంగల్లా ఉన్నారు. ఇరుసు ఆ బెంచీ మీద కూర్చోలేదు. ఎముకల బెంచీ మీద, కట్లు కట్టుకున్నవాళ్ళ మధ్య కూర్చుని, తన నంబరు పిలవగానే రోడ్డు దాటే పిల్లిలా అటు దూకాడు.

లోపల ఒక డాక్టరమ్మ. వయసులో తనకంటే బాగా చిన్నది. ఆమె అడిగిన మొదటి ప్రశ్నకే అతనికి చెమట పట్టింది.

"పొద్దున్న లేచేటప్పుడు ఎలా ఉంటుంది? కోరిక తగ్గిందా? ఎన్నాళ్ళయింది?"

"అమ్మా, మగ డాక్టరెవరైనా ఉన్నారా?"

"ఉన్నారు. శనివారం వస్తారు. ఆయనా ఇవే అడుగుతారు, కాకపోతే ఇంకాస్త గట్టిగా. ఆయనకి చెవుడు."

ఇరుసు శనివారం దాకా ఆగడం అనవసరమనుకున్నాడు. చెప్పాడు. అన్నీ చెప్పాడు. వాషింగ్ మెషీను దగ్గర ఏడుపు కూడా. ఆమె నవ్వలేదు, జాలి పడలేదు, రాసుకుంది. నిద్రలో గురక పెడతాడా, తాగుతాడా, తలనొప్పులున్నాయా, చూపు మసకబారుతోందా, గుండె, షుగరు, ఇంకా పిల్లల్ని కనే ఆలోచన ఉందా అని ఒక్కొక్కటే అడిగింది. రక్తం పొద్దున్నే, ఏమీ తినకుండా వచ్చి ఇమ్మంది. అందులో మగ హార్మోను తక్కువ వచ్చింది. ఒక్కసారి చూసి నమ్మనని, మరో పొద్దున్న మళ్ళీ ఇమ్మంది. మళ్ళీ తక్కువే వచ్చింది. ఎందుకు తక్కువైందో తెలియాలని ఇంకొన్ని పరీక్షలు, తలకు స్కానింగు.

"తలలో ఒక చిన్న గ్రంథి ఉంటుంది. పని చెయ్యమని కిందికి కబురు పంపేది అదే" అంది అన్నీ ముందు పెట్టుకుని. "మీకు ఆ కబురు సరిగా వెళ్ళడం లేదు. కణితిలాంటిదేమీ లేదు, భయపడకండి. వైద్యం ఉంది."

"వయసని అందరూ అంటున్నారు."

"మీరేమంటారు?"

ఇరుసుకు ఒళ్ళు మండింది. ఆ మంట చాలా రోజుల తర్వాత వచ్చింది, అందుకే అతనికే కాస్త ముచ్చటేసింది. "వయసుతో నాకేం పేచీ లేదు డాక్టరమ్మా. జుట్టు నెరవనీ, కళ్ళజోడు రానీ. కానీ వయసు పేరు చెప్పి ఇంకెవరో నా ఇంట్లో దొంగతనం చేస్తుంటే చూస్తూ ఊరుకోవాలా? ఊరుకోను."

"ఊరుకోకండి" అంది ఆమె. "కానీ ఇది మంత్రం కాదు. ఇరవై ఏళ్ళ కుర్రాడు తిరిగి రాడు. సూది కొన్ని వారాలకోసారి వేయించుకోవాలి. మధ్యమధ్య రక్తం చిక్కబడుతోందేమో చూడాలి, ప్రోస్టేటు చూడాలి, నేను ఆపమంటే ఆపాలి. బయట దొరికే పొడులూ సీసాలూ ముట్టుకోకూడదు. ఒప్పుకుంటేనే మొదలుపెడదాం."

"వెయ్యండి" అన్నాడు ఇరుసు, సూది అప్పటికప్పుడే వేస్తారనుకుని చొక్కా చెయ్యి మడుస్తూ.

సూది చేతికి కాదు, తుంటికి. అక్కడ వచ్చింది చిక్కంతా. ఎవరికీ తెలియకుండా తుంటి తడుముకుంటూ షెడ్డుకు వచ్చినవాణ్ణి చూసి పొడుగోడు, "నడుముకి సూదులు మొదలెట్టారా అన్నా?" అన్నాడు. ఇరుసు కాదనలేదు. రెండో సూదికి షెడ్డంతా మొహాలు వేలాడేసింది. మూడో సూదికి బావ పక్కకు పిలిచి, "ఆపరేషన్ అంటున్నారా బావా? దాచకు" అని కళ్ళు తుడుచుకున్నాడు.

నిజానికి మూడో సూది నాటికి ఇరుసుకు పొద్దున్నే మెలకువ వస్తోంది. లేచి కూర్చుంటే లేచినట్టే ఉంటోంది. చేతులు ఇంకా పూర్తిగా రాలేదు గానీ, బయలుదేరామని కబురు పంపాయి. వ్యాన్లో పాటలు పాడుతున్నాడు, అదీ శ్రుతి లేకుండా. ఇవన్నీ చూసి షెడ్డువాళ్ళు, "పాపం, ఎంత నొప్పిని దాచుకుంటున్నాడో" అనుకున్నారు. అతన్ని కిందపక్క నుంచి పైపక్కకు మార్చారు. తర్వాత పైపక్క కూడా పొడుగోడికిచ్చి, ఇతనికి కుర్చీలు ఇచ్చారు. ఆఖరికి ఒక ఇంట్లో అందరూ మంచాలు, బీరువాలు మోస్తుంటే ఇరుసు చేతికి రెండు దిండ్లు, ఒక ల్యాంపు షేడు వచ్చాయి. పియానో మోసిన మనిషి దిండ్లు మోశాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు, ఏ మెట్ల కోసం వైద్యానికి వెళ్ళాడో ఆ వైద్యమే అతన్ని మెట్ల మీంచి దించేస్తోంది.

నిజం చెబితే పోయేదే. కానీ టానిక్కు మొహం చూసినప్పుడల్లా నోరు పెగిలేది కాదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం. కిటికీ తెర వేసి ఉంది, వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోతున్నారు. భార్య మంచం మీద బట్టలు మడత పెడుతోంది. ఇరుసు వెనక నుంచి వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. ఏడాది తర్వాత. ఆ చేతిలో అడగడం ఉంది. ఆమెకు తెలిసింది. చెంపలు ఎర్రబడ్డాయి కూడా. కానీ వెంటనే ఆ చెయ్యి తీసి పక్కన పెట్టింది.

"వద్దయ్యా. నీ నడుము."

"నా నడుము బాగానే ఉంది."

"బాగుండటానికేనా సూదులు పొడిపించుకుంటున్నావు? మెట్లే ఎక్కొద్దంటున్నాడు మా అన్నయ్య. పడుకో, మందు రాస్తాను."

గొట్టం మూత తిప్పుతున్న ఆమె చేతిని ఇరుసు పట్టుకున్నాడు. పక్కన కూర్చోబెట్టి, తలుపు వైపు చూడకుండా, గొంతు తగ్గించకుండా మొత్తం చెప్పాడు. నడుము అబద్ధం. ఎదురు గది నిజం. సూది దేనికో అది కూడా.

ఆమె మడత పెట్టిన చొక్కానే విప్పి మళ్ళీ మడత పెట్టింది.

"ఏడాది" అంది. "ఏడాది పాటు నేను అద్దం ముందు నిలబడి నా మొహంలో ఏం పోయిందా అని వెతుక్కున్నాను. తెలుసా నీకు? నామీద మనసు పోయిందనుకున్నాను. ఇంకెవరైనా ఉన్నారేమో అనుకున్నాను. ఉంటే నడుము నొప్పితో ఎలా పోతున్నాడా అని కూడా అనుకున్నాను."

ఇరుసుకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. రెండూ ఆపుకున్నాడు. "సిగ్గేసిందే."

"ఎవరి దగ్గర? నా దగ్గరా? నీకు జ్వరమొస్తే వాంతి ఎత్తిపోసినదాన్ని. నా దగ్గర సిగ్గేంటి నీకు?" అంది. "నువ్వు ఒక్కడివే మోస్తున్నావనుకున్నావా? ఇంకో పక్క పట్టుకున్నది నేను కాదా?"

ఇరుసు క్షమించమన్నాడు. ఆమె వెంటనే క్షమించలేదు. గొట్టం మందు తీసి అతని ఒళ్ళోకి విసిరి, "ఇక నీ వీపు నువ్వే తోముకో" అని వంటగదిలోకి వెళ్ళిపోయింది. కాసేపటికి అక్కడి నుంచే అరిచింది. "మా అన్నయ్యకి ఎప్పుడు చెప్తావు?"

"సమయం చూసి చెప్తాను."

"నీ సమయం నాకు తెలుసు!"

ఆమెకు తెలిసినట్టే జరిగింది. ఆ వారమే బావ షెడ్డులో అందరినీ పోగేసి ఇరుసు భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. పాతికేళ్ళు కిందపక్క మోసిన మనిషిని నడుము విరిగేదాకా వాడుకుంటే పాపం తగులుతుందన్నాడు. రేపటి నుంచి ఇరుసు మెట్లెక్కడు, షెడ్డులో బల్ల దగ్గర కూర్చుని ఫోన్లు ఎత్తుతాడన్నాడు. జీతం తగ్గించనన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఇరుసు కుక్కిన పేనులా నిలబడ్డాడు. గొంతులోకి వచ్చిన మాట, టానిక్కు చప్పట్లు చూసి వెనక్కి పోయింది.

ఆ సాయంత్రం భార్య ఒకటే అడిగింది. "ఫోన్లు ఎత్తుతావా?"

"ఎత్తను."

"నాకు కాదు చెప్పాల్సింది" అని ఆమె దీపం ఆర్పేసింది.

మర్నాడు ఇరుసు షెడ్డుకు పోలేదు. ఇంట్లో కూర్చుని, బావకు చెప్పాల్సిన మాటలు గోడకు చెప్పి చూసుకుంటున్నాడు. గోడ బాగానే విన్నది. ఇంతలో వీధిలో తమ వ్యాను హారను మోగింది. కిటికీలోంచి తొంగి చూస్తే బావ, పొడుగోడు, టానిక్కు కలిసి వ్యాన్లోంచి ఏదో దించుతున్నారు. అదొక కుర్చీ. నడుము నొప్పివాళ్ళ కోసం చేసిన కుర్చీ. మీట నొక్కితే వీపు వెనక్కి వాలుతుంది, కాళ్ళు పైకి లేస్తాయి. లోపల ఇనప చట్రం, మోటారు. చిన్న ఏనుగంత ఉంది.

"కదలకు బావా!" అని కింది నుంచి బావ అరిచాడు. "షెడ్డు తరఫున నీకు! నువ్వు పైనే ఉండు, మేం తెస్తాం. ఈ రోజు కిందపక్క నేనే!"

బావ ఓనరయ్యాక బిల్లుల కట్ట కంటే బరువైనది ఎత్తలేదు. పైగా ఇరుసు ఇల్లు నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు. కానీ అతన్ని భయపెట్టింది అది మాత్రమే కాదు. ఆ కుర్చీ గుమ్మం దాటి లోపలికొచ్చి, తను అందులో ఒక్కసారి కూర్చున్నాడంటే అంతే సంగతులు. ఆ తర్వాత మెట్లు లేవు, కిందపక్క లేదు. బతికినంతకాలం నడుము నొప్పివాడు.

భార్య గుమ్మంలో నిలబడి అతని మొహంలోకి చూస్తోంది.

మొదటి అంతస్తు దాటేదాకా బావ హాస్యాలు వినపడ్డాయి. ఆ తర్వాత మాటలు ఆగి ఊపిరి ఒక్కటే వినపడింది. రెండో అంతస్తు మలుపులో ఆ ఊపిరి మారింది. అందులో ఒక ఈల చేరింది. పాతికేళ్ళు ఆ చోట నిలబడ్డవాడికి ఆ ఈల ఏమిటో తెలుసు. ఫ్రిజ్ ఛాతీకి ఆనిన రోజు తన గొంతులోంచి వచ్చింది అదే. ఇరుసు బయటికొచ్చి మెట్ల కటకటాల మీంచి వంగి చూశాడు. పైన పొడుగోడికి కుర్చీ వీపు తప్ప ఏమీ కనపడదు. పక్కన టానిక్కు రెండు కళ్ళూ మూసుకుని మోస్తున్నాడు. కింద బావ మొహం వంకాయ రంగుకు తిరిగింది. అయినా అనడు. చచ్చినా అనడు, కిందివాడు కదా.

ఇరుసు మెట్లు రెండేసి చొప్పున దూకుతూ కిందికి పరిగెత్తాడు. "దించండి!" అని అరిచాడు. ఆ కేకకు మెట్లదారి అంతా దద్దరిల్లింది. "దించండ్రా! దించండి!"

పొడుగోడు బెదిరిపోయి దించాడు. ఇరుసు టానిక్కు పక్కగా దూరి కిందికి పోయి, కుర్చీ అడుగున భుజం పెట్టి, బావ మీద వాలుతున్న బరువు తన మీదకు తీసుకుని మెల్లగా మెట్టు మీద ఆనించాడు. బావ గోడకు జారగిలబడి వేలు ఊపాడు.

"నడుము బావా... నడుము... నువ్వు ఎత్తకు..."

"నా నడుముకి ఏ రోగమూ లేదు!"

అంత గట్టిగా అనాలని అతను అనుకోలేదు. కానీ అన్నాక బాగుంది. తలుపులు ఒక్కొక్కటే తెరుచుకుంటున్నాయి. మూడో అంతస్తు నుంచి ఒక ముసలామె చేతికర్రతో తొంగి చూసింది. ఇరుసు మెట్టు మీద నిటారుగా నిలబడ్డాడు.

"వినండి. నా నడుము ఇనుము. ఎముకల డాక్టరే అన్నాడు. నాకు తక్కువైంది మగ హార్మోను. ఏడాది పైనే అయింది. సత్తువ పోయింది, నిద్ర పోయింది, ఉత్తినే ఏడుపొచ్చేది, మొగుడూ పెళ్ళాల ముచ్చట కూడా పోయింది. పరీక్షలు చేయించుకున్నాను, సూదులు వేయించుకుంటున్నాను. తుంటికి! ఇంకా వేయించుకుంటాను. నయమవుతోంది. నవ్వేవాళ్ళుంటే ఇప్పుడే నవ్వండి, అందరం ఒకేసారి కానిచ్చేద్దాం. తర్వాత నాకు తీరిక ఉండదు."

ఎవరూ నవ్వలేదు. బావ చుట్టూ చూసి, సిగ్గుతో గొంతు తగ్గించి, "నలుగురిలో ఇలాంటివి అంటారా బావా?" అన్నాడు.

"నలుగురికీ భయపడే ఏడాది దాచాను. చూడు ఏమైందో. దిండ్లు మోయించారు నా చేత. ఇప్పుడు నువ్వు చచ్చేవాడివి."

"ఏంటి నాయనా తక్కువైందీ?" అని పై నుంచి ముసలామె అడిగింది. ఆమెకు చెవులు అంతంత మాత్రం.

"మగ హార్మోను, మామ్మగారూ!"

"మందుందా దానికి?"

"ఉంది!"

"వాడుతున్నావా?"

"వాడుతున్నాను!"

"మరి ఈ గోలెందుకూ?" అని ఆమె తలుపేసుకుంది.

అప్పుడు నవ్వారు. ముందు పొడుగోడు, తర్వాత ఊపిరి అందిన బావ. ఇరుసు కూడా నవ్వాడు. టానిక్కు ఒక్కడే నవ్వలేదు. కుర్చీ చెయ్యి పట్టుకుని, ఎక్కడో చూస్తూ, "మరి నాకో పేరుంది గదన్నా" అన్నాడు. "అది పిలుస్తారా ఇక నుంచైనా?"

ఇరుసు మొహం ముడుచుకుపోయింది. "పిలుస్తాను" అన్నాడు. అక్కడే, అందరూ వినేలా, పదేళ్ళుగా నోట రాని ఆ పేరు పెట్టి పిలిచాడు. అతను "ఊఁ" అన్నాడు, బడిలో హాజరు చెప్పినట్టు.

"సరే, ఇక ఈ కుర్చీ తిప్పండి" అన్నాడు ఇరుసు చేతులు దులుపుకుంటూ. "కొన్నచోటే ఇచ్చేద్దాం. నాకొద్దు. రేపు నేను మెట్ల మీదే ఉంటాను. బావా, ఆ ఫోన్లు నువ్వే ఎత్తుకో."

"ఆగండి!"

అందరూ తలలెత్తారు. నాలుగో అంతస్తు కటకటాల మీదికి వంగి అతని భార్య నిలబడి ఉంది. ఒక చెయ్యి నడుము మీదుంది.

"ఆ కుర్చీ ఎక్కడికి తీసుకెళ్తారు? తెండి పైకి! ఏడాది పాటు లేని నడుము నొప్పికి మందు తోమి తోమి ఇక్కడ నా నడుము పోయింది! అది నాది!"

ఇరుసు కిందనుంచి ఆమెను చూశాడు. ఆమె తన నడుము మీద చెయ్యి పెట్టుకుని లేవడం అప్పుడు, ఇన్నాళ్ళకు, కనపడింది అతనికి. సిగ్గేసింది. ఈసారి వేయాల్సినచోటే వేసింది.

"విన్నారుగా" అన్నాడు. "ఎత్తండి."

కిందపక్క అతనే పట్టుకున్నాడు. బావ వద్దనబోయి మానేశాడు. బరువు వచ్చి ఛాతీ మీద కూర్చుంది. పాత రోజుల్లోలా తేలిగ్గా లేదు. చేతులు వణికాయి గానీ పట్టు వదల్లేదు. రెండో అంతస్తు దాటారు. మూడో అంతస్తు మలుపు తిరిగారు, ముసలామె తలుపు ముందుకొచ్చారు. అక్కడ ఇరుసుకు ఊపిరి చాలలేదు. గొంతులో ఈల ఇంకా మొదలు కాలేదు. అది మొదలయ్యేదాకా ఆగదలుచుకోలేదు.

"దించండి" అన్నాడు.

పొడుగోడు పై నుంచి తల పక్కకు పెట్టి వింతగా చూశాడు. బావ నోరు తెరిచాడు. "బావా, కిందివాడు అనకూడదు."

"నేనంటాను. బరువు నా మీదుంది, మాట కూడా నాదే."

దించారు. నలుగురూ మెట్ల మీద కూర్చుని చెమట తుడుచుకున్నారు. పైన భార్య తలుపు బార్లా తీసి, కుర్చీకి చోటు కోసం బల్ల జరుపుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఇరుసు తీరిగ్గా ఊపిరి తీసుకున్నాడు. చాలనుకున్నాక లేచి, అరచేతులు ప్యాంటుకు తుడుచుకుని, కింది మెట్టు మీద కాలు ఆనించాడు.

"ఇక ఎత్తండి" అన్నాడు.